రిపోర్టులో లావు ‘హెచ్’: లింఫోమా రక్తపరీక్షలు చెప్పేదేంటి, చెప్పలేనిదేంటి

పోయినేడు ఎండాకాలంలో మా చిన్నాయన మెడ పక్కన ఒక గడ్డ లేచింది. నొప్పి లేదు. చూస్తుండగానే నిమ్మకాయంత అయింది. ముక్క తీసి పరీక్షకు పంపితే లింఫోమా అని వచ్చింది. ఆ రాత్రే మా తమ్ముడు రక్తపరీక్ష కాగితాన్ని ఫోటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందులో చాలా అంకెలున్నాయి గానీ అందరి కళ్లూ ఒక్కదాని మీదే పడ్డాయి. ఎల్‌డీహెచ్ 980, పక్కన లావు అక్షరంతో ‘హెచ్’, అంటే హై, ఎక్కువుందని.

అరగంటకల్లా ఎవరో ఫోన్లో వెతికి, ‘ఈ జబ్బులో ఎల్‌డీహెచ్ ఎక్కువుంటే మనిషి నిలబడేది కష్టమంట’ అని రాశారు. తెల్లారేసరికి ఇంట్లో మాటే మారిపోయింది. కర్నూలు దగ్గర పల్లె మాది. ఉల్లిగడ్డలు, శెనక్కాయలు పండిస్తాం. ‘ఉన్న మూడెకరాలు అమ్మి తిప్పినా దక్కుతాడనే నమ్మకం లేనప్పుడు పిల్లల్ని రోడ్డున పడేసేదెందుకబ్బీ’ అని మా పెదనాయన నాతో అన్నాడు. తమ్ముడంటే ఆయనకు ప్రాణం. అంతటి మనిషి ఒక్క అంకె చూసి అంత మాట అన్నాడు.

నేను డిగ్రీ పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను, డాక్టర్ని కాదు. కానీ ఆ అంకె ఎక్కణ్నుంచి వస్తుందో, డాక్టర్లు దాన్ని ఎందుకు చూస్తారో ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి కాగితం చేతిలో పట్టుకుని భయపడుతున్న ఇళ్లు ఇంకా ఎన్నో ఉంటాయి. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మన రక్తంలోని తెల్లకణాల్లో లింఫోసైట్లని ఒక రకం ఉన్నాయి. సూక్ష్మక్రిములతో పోరాడేవి ఇవే. మెడలో, చంకలో, గజ్జల్లో ఉండే లింఫ్ గ్రంథులు వీటి ఠాణాలు. ఈ కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సరే లింఫోమా. హాడ్జ్‌కిన్, నాన్ హాడ్జ్‌కిన్ అని రెండు పెద్ద కుటుంబాలు, వాటిలో పదుల కొద్దీ రకాలు ఉన్నాయి. మా చిన్నాయనకు వచ్చింది నాన్ హాడ్జ్‌కిన్‌లో అందరికంటే ఎక్కువమందికి వచ్చే డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ రకం. వేగంగా పెరుగుతుంది, కానీ పూర్తిగా నయమయ్యే అవకాశం ఉన్న రకం కూడా అదే. ఈ రెండో సగం ఆ రాత్రి మా గ్రూపులో ఎవరూ రాయలేదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. మెడలో గడ్డ అంటే మన వైపు ముందు అనుమానించేది టీబీనే. అది న్యాయమే, గ్రంథుల టీబీ మన దగ్గర ఎక్కువ. కానీ ముక్క పరీక్ష చేయకుండా నెలల తరబడి టీబీ మందులు మింగి, తగ్గక, అప్పుడు లింఫోమా అని తేలినవాళ్లూ ఉన్నారు. ఏ రక్తపరీక్షా లింఫోమాను ఖాయం చేయలేదు. దానికి ముక్క పరీక్ష ఒక్కటే దారి. సన్నసూదితో తీసిన చుక్క చాలాసార్లు సరిపోదు, గడ్డనే తీసి చూడటం మేలు. రక్తంలోని గుర్తులు ఉపయోగపడేది ఆ తర్వాతే, జబ్బు ఎటు పోయేలా ఉందో అంచనా వేయడానికి.

ఎల్‌డీహెచ్ అంటే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్. ఇది క్యాన్సర్ తయారుచేసే విషమేమీ కాదు. మీ ఒంట్లో, నా ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. చక్కెరను విరగ్గొట్టి శక్తి తీసే పనిలో దానికొక పాత్ర ఉంది. కణం చచ్చి పగిలితే లోపలి ఎల్‌డీహెచ్ రక్తంలోకి కారుతుంది. వేగంగా పెరిగే లింఫోమాలో కణాలు వేలంవెర్రిగా పుడతాయి, అంతే వేగంగా చస్తాయి. పైగా క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా చక్కెరను ఈ ఎంజైమ్ దారిలోనే ఎక్కువగా ఖర్చుచేస్తాయి. కాబట్టి ఒంట్లో జబ్బు బరువెంత, దాని దూకుడెంత అన్న రెండింటికీ ఎల్‌డీహెచ్ ఒక మోటు కొలత.

మోటు అని ఎందుకన్నానంటే, కణాలు పగలడానికి క్యాన్సరే కానక్కర్లేదు. లివర్ జబ్బు, గుండెపోటు, ఎర్రకణాలు విరిగిపోయే రకం రక్తహీనత, కండరాల దెబ్బ, వీటన్నిట్లోనూ ఎల్‌డీహెచ్ పెరుగుతుంది. ఇంకొకటి, మా కథలో ముఖ్యమైనది: రక్తం తీసిన ట్యూబులోనే అది పెరగొచ్చు. ఎర్రకణాల లోపల ఎల్‌డీహెచ్, బయటి సీరంలో, అంటే కణాలు పోగా మిగిలే రక్తపు నీటిలో, ఉన్నదానికంటే వంద రెట్లకు పైగా ఉంటుంది. సూదితో గట్టిగా లాగినా, ట్యూబును ఊపినా, సీరం వేరుచేయకుండా గంటల తరబడి ఎండలో తిప్పినా ఎర్రకణాలు పగిలి, ఒంట్లో లేని ఎల్‌డీహెచ్ కాగితంలో కనపడుతుంది. దీన్నే ల్యాబువాళ్లు శాంపిల్ హీమోలైజ్ అయిందంటారు. మే నెలలో మన ఎండలు ఎట్లుంటాయో చెప్పక్కర్లేదు. మా చిన్నాయన శాంపిల్‌ను ఊళ్లో ఒక చిన్న కలెక్షన్ సెంటర్లో తీసి, సాయంత్రం మోటార్‌సైకిల్ మీద కర్నూలుకు పంపారు.

పదిహేను రోజుల తర్వాత క్యాన్సర్ డాక్టర్ దగ్గర మళ్లీ రక్తం తీస్తే ఎల్‌డీహెచ్ 310 వచ్చింది. మందు మొదలుపెట్టలేదు. ఆ మధ్యలో మా చిన్నమ్మ ఎవరో చెప్పిన పసరు రోజూ తాగించింది. 980 నుంచి 310కి దిగిందంటే పసరే పనిచేసిందని ఆమె నమ్మకం. ‘ఇంక కీమో ఎందుకు’ అనే మాట వచ్చింది ఇంట్లో. మొదట భయంతో వైద్యం మానేద్దామన్నారు, ఇప్పుడు ఆశతో మానేద్దామంటున్నారు. రెండుసార్లూ కారణం ఒకటే, అంకెను ఒంటరిగా చదవడం.

నేను రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. మొదటిదాంట్లో మామూలు పరిమితి 460 దాకా అని ఉంది. రెండోదాంట్లో 245 దాకా. ఎల్‌డీహెచ్‌ను కొలిచే పద్ధతులు రెండున్నాయి. ఒకటి ఎంజైమ్‌ను ఒక దిక్కుగా పనిచేయించి కొలుస్తుంది, రెండోది దానికి ఎదురు దిక్కుగా. అందుకే ఒకే మనిషి రక్తానికి ఒక ల్యాబులో వచ్చే అంకె ఇంకో ల్యాబులో దాదాపు రెట్టింపు ఉండొచ్చు. సోలకూ శేరుకూ తేడా చూడకుండా గింజలు కొలిచినట్టవుతుంది. అంకెను కాదు, ఆ ల్యాబు పరిమితికి ఎన్ని రెట్లుందో చూడాలి. 980ని 460తో భాగిస్తే రెండు రెట్లకు కొంచెం పైన. 310ని 245తో భాగిస్తే ఒకటింబావు. మిగిలిన తేడా చెడిపోయిన శాంపిల్‌ది కావచ్చని డాక్టర్ అన్నారు. అంటే ఈ అంకెలు చూసి జబ్బు తగ్గిందనీ, పసరు పనిచేసిందనీ చెప్పలేం. మొదటిరోజు మేం భయపడ్డంత పరిస్థితీ లేదు.

ఒక్క గుర్తుతో ఎవరూ తీర్పు చెప్పరు

1993లో అమెరికా, కెనడా, యూరప్ డాక్టర్లు కలిసి, వేగంగా పెరిగే లింఫోమా ఉన్న 2,031 మంది వివరాలు వడపోసి ఒక లెక్క తయారుచేశారు. పేరు ఇంటర్నేషనల్ ప్రోగ్నోస్టిక్ ఇండెక్స్, ఐపీఐ అంటారు. అందులో అయిదు ప్రశ్నలున్నాయి. వయసు అరవై దాటిందా? జబ్బు మూడో దశలోనో నాలుగో దశలోనో ఉందా? ఎల్‌డీహెచ్ పరిమితి దాటిందా? మనిషి తన పనులు తాను చేసుకున్నా రోజువారీ కష్టం చేయలేని స్థితికి, లేదా అంతకంటే కిందికి వచ్చాడా? గ్రంథులు కాకుండా వేరే అవయవాల్లో ఒకటికి మించిన చోట్ల జబ్బుందా? ఒక్కో అవునుకు ఒక్కో మార్కు. ఎల్‌డీహెచ్ వాటా అయిదింట్లో ఒకటి, అంతే.

ఆ లెక్కలో సున్నా, ఒకటి వచ్చినవాళ్లలో అయిదేళ్ల తర్వాత నూటికి 73 మంది బతికున్నారు. రెండు వస్తే 51, మూడు వస్తే 43, నాలుగైదు వస్తే 26. మా చిన్నాయనకు యాభై ఎనిమిదేళ్లు. జబ్బు మూడో దశ, ఎల్‌డీహెచ్ ఎక్కువ. మిగతా మూడింటికీ కాదు అనే జవాబు. మొత్తం రెండు మార్కులు.

51 అనగానే మా పెదనాయన, ‘అంటే సగం సగం’ అన్నాడు. ఆయన కర్నూలు మార్కెట్ యార్డులో నలభై ఏళ్లు ఉల్లి అమ్మిన మనిషి కాబట్టి ఆ భాషలోనే చెప్పాను. యార్డుకు కొనడానికి వచ్చినవాడు కుప్పలోంచి నాలుగు గడ్డలు తీసి చూస్తాడు. మెడ దగ్గర పచ్చి ఆరలేదనో, వాన తడి తగిలిందనో చూసి, ఈ కుప్పలో నూటికి ముప్పై నెల తిరక్కముందే కుళ్లుతాయంటాడు. ఆ మాట చాలావరకు నిజమవుతుంది. కానీ ఒక గడ్డను చేతిలో పెట్టి, ఇది కుళ్లుతుందా చెప్పు అంటే చెప్పలేడు. కుప్ప లెక్క తెలిసినవాడికి గడ్డ సంగతి తెలియదు. ఐపీఐ కూడా కుప్ప లెక్కే. రెండు మార్కులవాళ్లు నూరుమంది ఉంటే ఏమవుతుందో చెప్తుంది. ఆ నూరుమందిలో మా చిన్నాయన ఏ పక్క ఉంటాడో చెప్పదు.

ఇంకా పెద్ద సంగతి ఉంది. నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది అసలు దానికోసమే. ఆ 2,031 మంది 1982కు, 1987కు మధ్య వైద్యం చేయించుకున్నవాళ్లు. అప్పటికి రిటుక్సిమాబ్ లేదు. బీ లింఫోసైట్ల మీద ఉండే సీడీ20 అనే గుర్తును పట్టుకుని వాటిని చంపే మందు అది. 1997లో అమెరికాలో మొదటిసారి అనుమతి వచ్చింది. చాప్ అనే పాత నాలుగు మందుల కీమోకు దాన్ని కలిపి ఆర్-చాప్ అని ఇవ్వడం 2002 తర్వాత ప్రపంచమంతా మామూలైంది. మన హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 2007లో రిడిటక్స్ పేరుతో దాని బయోసిమిలర్, అంటే దాదాపు అలాంటిదే అయిన మందు, తెచ్చాక ఇక్కడ చాలామందికి అందే ధరకు వచ్చింది.

అదే 2007లో ఆర్-చాప్ తీసుకున్నవాళ్లతో ఆ అయిదు ప్రశ్నలనే మళ్లీ లెక్కగట్టారు. మార్కు ఒక్కటీ లేనివాళ్లలో నాలుగేళ్ల తర్వాత నూటికి 94 మంది బతికున్నారు. ఒకటి రెండు మార్కులవాళ్లలో 79. మూడు, ఆపైన మార్కులున్నవాళ్లలో 55. ఒక లెక్క అయిదేళ్లది, ఇంకోటి నాలుగేళ్లది కాబట్టి రెంటినీ సూటిగా పోల్చకూడదు. అయినా ఎటు కదిలిందో తెలుస్తూనే ఉంది. ఎల్‌డీహెచ్ అదే, దశ అదే, వయసు అదే. మారింది మందు. పచ్చి ఆరని ఉల్లినే గాలాడే కొట్టంలో పల్చగా ఆరబోస్తే కుళ్లు లెక్క మారిపోదా? యార్డులో చెప్పిన ముప్పై, గోనెసంచుల్లో కుక్కి పెట్టినప్పటి ముప్పై. ఇంటర్నెట్‌లో దొరికే శాతం ఏ కాలం మందులతో వచ్చిందో చూడకుండా భయపడితే, నలభై ఏళ్ల కిందటి రోగుల భయాన్ని మనం మోస్తున్నట్టే.

గీతలు గీసే ఈ పద్ధతిలో ఒక లోపం మొదట్నుంచీ ఉంది. అరవై ఏళ్లవాడికి మార్కు లేదు, అరవై ఒకటికి ఉంది. ఎల్‌డీహెచ్ పరిమితిని ఒక్క గింజంత దాటినా ఒక మార్కే, అయిదు రెట్లున్నా ఒక మార్కే. 2014లో అమెరికా క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి ఎన్‌సీసీఎన్ పేరుతో వచ్చిన ఎన్‌సీసీఎన్-ఐపీఐ దీన్ని కొంత సరిదిద్దింది. ఎల్‌డీహెచ్‌ను మామూలు, మూడు రెట్ల దాకా, మూడు రెట్లకు పైన అని విడగొట్టింది. వయసును నలభై, అరవై, డెబ్బై అయిదు దగ్గర మెట్లుగా చేసింది. మా చిన్నాయన ఒకటింబావు రెట్లు అన్నమాటకు అక్కడ నిజంగా విలువుంది.

మిగతా గుర్తులు

ప్రతి లింఫోమాకూ లెక్క వేరు. నెమ్మదిగా పెరిగే ఫాలిక్యులర్ రకంలో ఎల్‌డీహెచ్‌తో పాటు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుందా అని చూస్తారు. దీన్ని మన దగ్గర జాగ్రత్తగా చదవాలి. పల్లెల్లో ఆడవాళ్లకు ఐరన్ లోపం వల్లే హిమోగ్లోబిన్ 9, 10 ఉండటం మామూలు. లెక్కలో మార్కు పడుతుంది సరే, కానీ ఆ రక్తహీనత జబ్బు ఎముక మజ్జలోకి పాకడం వల్లా, తిండి వల్లా అన్నది డాక్టర్ వేరుగా తేల్చుకోవాల్సిందే.

బీటా-2 మైక్రోగ్లోబులిన్ ఇంకొకటి. కణాల పైపొరమీద ఉండే చిన్న ప్రోటీన్, లింఫోమా బరువు పెరిగితే రక్తంలో పెరుగుతుంది. అయితే దాన్ని బయటికి పంపేవి కిడ్నీలు. షుగర్‌తో కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి లింఫోమా తక్కువున్నా ఇది ఎక్కువ చూపిస్తుంది. పక్కన కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా దీన్ని చదవకూడదు.

హాడ్జ్‌కిన్ రకంలో ముదిరిన దశకు 1998లో ఏడు ప్రశ్నల లెక్క వచ్చింది. అందులో నాలుగు మామూలు రక్తపరీక్షలే: ఆల్బుమిన్ 4 కంటే తక్కువ, హిమోగ్లోబిన్ 10.5 కంటే తక్కువ, తెల్లకణాలు 15,000, ఆపైన, లింఫోసైట్లు 600 కంటే తక్కువ లేదా నూటికి 8 కంటే తక్కువ. తొలిదశ హాడ్జ్‌కిన్‌లో ఈఎస్ఆర్ (ట్యూబులో ఎర్రకణాలు ఎంత వేగంగా కిందికి దిగుతాయో కొలిచే పరీక్ష) కూడా చూస్తారు. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం లాంటివి లేనివాళ్లకు 50, ఉన్నవాళ్లకు 30 గీత.

ఇక్కడ మా తమ్ముడికి వచ్చిన సందేహం చాలామందికి వస్తుంది. లింఫోమా అంటే లింఫోసైట్లు ఎక్కువవడం కదా, మరి రక్తంలో లింఫోసైట్లు తక్కువుంటే చెడ్డగుర్తు ఎట్లవుతుంది? చెడిపోయిన కణాలు ఎక్కువగా గ్రంథుల్లో గడ్డకట్టి కూర్చుంటాయి. రక్తంలో తిరిగే లింఫోసైట్లు మామూలువి, జబ్బుతో పోరాడాల్సినవి. అవి పడిపోయాయంటే ఒంటి కాపలా బలహీనపడిందని అర్థం. ఆల్బుమిన్ సంగతీ అంతే. తిండి తగ్గడం ఒక్కటే కారణం కాదు. జబ్బు వల్ల ఒంట్లో వాపు పెరిగితే లివర్ ఆల్బుమిన్ తయారీ తగ్గిస్తుంది. గుడ్లు తినిపిస్తే అంకె పెరిగి జబ్బు లొంగుతుందనుకోవడం కారణాన్ని తలకిందులు చేయడమే. తినిపించండి, కీమో తట్టుకోవడానికి అది కావాలి. కానీ ఆల్బుమిన్ లేచేది ముఖ్యంగా జబ్బు తగ్గినప్పుడు.

న్యూట్రోఫిల్, మోనోసైట్ అనేవి తెల్లకణాల్లో వేరే రకాలు. ఈమధ్య న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి, లింఫోసైట్-మోనోసైట్ నిష్పత్తి అని వీడియోల్లో తెగ చెప్తున్నారు. రక్తకణాలు లెక్కపెట్టే మామూలు సీబీసీ కాగితంలోంచి ఎవరైనా లెక్కగట్టుకోవచ్చు కాబట్టి ఆకర్షణ ఎక్కువ. వీటికీ జబ్బు నడకకూ సంబంధం ఉందని చాలా పరిశోధనలు చూపించాయి. కానీ గీత ఎక్కడ గీయాలన్నది పరిశోధనకొక తీరుగా ఉంది. చిన్న జ్వరం వచ్చినా, ఒక స్టెరాయిడ్ సూది పడినా నిష్పత్తి తలకిందులవుతుంది. ఇంట్లో వీటిని లెక్కగట్టుకుని నిద్ర పాడుచేసుకోవద్దని నా మనవి.

స్టెరాయిడ్ మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్తాను. గడ్డ, జ్వరం అనగానే పల్లెల్లో డెక్సా అనే స్టెరాయిడ్ సూది వేసేస్తుంటారు. స్టెరాయిడ్‌కు లింఫోమా కణాలు కరుగుతాయి. ఆర్-చాప్‌లో చివరి మందు కూడా స్టెరాయిడే. ముక్క తీయకముందు అది పడితే గడ్డ తాత్కాలికంగా చిన్నదై, ముక్కలో జబ్బు సరిగా కనపడదు, రక్తంలో అంకెలూ మారిపోతాయి. సూది పడి ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి.

ఇంకొక పరీక్ష ఉంది. అది జబ్బు నడకను చెప్పదు గానీ ప్రాణానికి సంబంధించినది. రిటుక్సిమాబ్ ఇచ్చేముందు హెపటైటిస్-బీ పరీక్షలు తప్పకుండా చేయాలి. ఎప్పుడో వచ్చి లివర్లో అణగి ఉన్న వైరస్ ఈ మందుతో నిద్రలేచి లివర్‌ను దెబ్బతీయగలదు. ఇప్పుడు వైరస్ ఉందా అని చూసే హెచ్‌బీఎస్‌ఏజీ ఒక్కటే చాలదు, ఎప్పుడైనా సోకిందా అని చెప్పే యాంటీ-హెచ్‌బీసీ కూడా చూడాలి. ముందే తెలిస్తే మాత్రలతో అడ్డుకోవచ్చు. ఈ రెండు పరీక్షలూ అయ్యాయా అని అడగడానికి మొహమాటపడొద్దు.

మొదటిరోజు అంకెకంటే, తర్వాత ఏమైందన్నది ముఖ్యం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వైద్యం మొదలయ్యేముందు తీసిన కొలతలు. విత్తనం వేసేరోజు నేల తడి చూసినట్టు. కానీ వాన పడ్డాక మొలక ఎట్లుందో చూస్తేనే పంట మీద అంచనా గట్టిపడేది. హాడ్జ్‌కిన్‌లో ఇది 2007లో బాగా తేటపడింది. రెండు విడతల కీమో తర్వాత, ఒంట్లో జబ్బు ఎక్కడ చురుగ్గా ఉందో చూపే పెట్ స్కాన్ చేస్తే, మొదటిరోజు ఏడు ప్రశ్నల లెక్క చెప్పినదానికంటే ఆ స్కాన్ చెప్పిందే ఎక్కువ నిజమైంది. మొదటిరోజు మార్కులు చెడ్డగా ఉన్నా స్కాన్ శుభ్రంగా ఉన్నవాళ్లు బాగున్నారు.

రక్తంలోనే అలాంటి చూపు కోసం ఇప్పుడు పరిశోధన జరుగుతోంది. చచ్చిన క్యాన్సర్ కణాల డీఎన్‌ఏ ముక్కలు రక్తంలో తేలుతుంటాయి. కొద్ది గంటల్లోనే కరిగిపోతాయి కాబట్టి, ఈరోజు దొరికిందంటే ఈరోజు జబ్బుందని అర్థం. ఎల్‌డీహెచ్ ఏ కణందో చెప్పలేం. ఈ ముక్క మీద క్యాన్సర్ ముద్రే ఉంటుంది. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో, డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ రకంలో మొదటి విడత తర్వాత ఇది నూరోవంతుకు పడిపోయినవాళ్లకు ఫలితాలు బాగున్నాయని తేలింది. ఇది మన ఊళ్లలో రోజువారీ పరీక్ష కాలేదు. ఖరీదైన ప్యాకేజీ అని ఎవరైనా అమ్మజూపితే, ‘దీని ఫలితం బట్టి మందు మారుతుందా’ అని డాక్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి.

అసలు ఏ గుర్తుకైనా అడగాల్సిన ప్రశ్న అదే. జబ్బు ఎటు పోతుందో చెప్పే గుర్తు వేరు, ఏ మందు పనిచేస్తుందో చెప్పే గుర్తు వేరు. ఎల్‌డీహెచ్ మొదటి రకం. ముక్క మీద చూసే సీడీ20 రెండో రకం, అది ఉంటేనే రిటుక్సిమాబ్‌కు పని. ఎల్‌డీహెచ్ ఎక్కువుంటే డాక్టర్ చేసేది జాగ్రత్త పెంచడం. కీమో మొదలవగానే కణాలు ఒక్కసారిగా కరిగి యూరిక్ యాసిడ్, పొటాషియం పెరిగే ప్రమాదం ఉంటుంది కాబట్టి ముందే సెలైన్లు, మాత్రలు పెడతారు, స్కాన్లు ఇంకా శ్రద్ధగా చూస్తారు. వైద్యం మానేయమని చెప్పే ఎల్‌డీహెచ్ అంకె అంటూ ఏదీ లేదు.

మా పెదనాయనకు ఇదంతా చెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పొలం అమ్మలేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో కీమో చేయించాం. మూడు వారాలకొకటి చొప్పున ఆరు విడతలు. మూడో విడత తర్వాత మెడ గడ్డ చేతికి తగల్లేదు, చివరి స్కాన్ శుభ్రంగా వచ్చింది.

ఇప్పుడు మూడు నెలలకోసారి చూపించుకోవడానికి పోతున్నాడు. పోయిన నెల ఎల్‌డీహెచ్ 268 వచ్చింది, పరిమితి 245. పక్కన మళ్లీ ఆ ‘హెచ్’. ఇంట్లో అందరికీ టెన్షన్, మా చిన్నమ్మ రెండురోజులు అన్నం ముట్టలేదు. డాక్టర్ మెడ, చంకలు, కడుపు తడిమి చూశారు. జ్వరం, చెమటలు, బరువు అడిగారు. ఏమీ లేదు. ‘ఈ వారమంతా ఏం పని చేశావ్?’ అనడిగారు.

‘ఉల్లిగడ్డలు యార్డుకు తోలినాం సార్. మూటలు నేనే ఎత్తినా’ అన్నాడు చిన్నాయన.

కండరాలు అలిసినా ఎల్‌డీహెచ్ కొంచెం పెరుగుతుంది. రెండు వారాలు బరువులు ఎత్తకుండా ఉండి, అదే ల్యాబులో మళ్లీ చేయించమన్నారు. 221 వచ్చింది. ఈసారి ఆ కాగితాన్ని మా పెదనాయనే చదివాడు, అంకె కంటే ముందు పక్కనున్న పరిమితి చూసుకుని.